గాలం దగ్గరి మూరెడు తాడు

చేప ఎరను చూస్తుందే గాని గాలాన్ని చూడదని లోకంలో ఒక మాట ఉన్నది. ఆశకు లోబడి మోసపోయిన మనిషిని గురించి చెప్పడానికి ఈ మాట బాగానే పనికివస్తుంది. కాని చేపల సంగతి తెలిసిన జాలరి దీనిని పూర్తిగా ఒప్పుకోడు. తేటనీటిలో, పట్టపగలు, చేప ఎరను మాత్రమే గాక ఎరను పట్టి ఉంచిన తాడును కూడ చూస్తుంది. చూచి బెదరి తొలగిపోతుంది. ఒకవేళ బెదరక ఎరను మింగినా, పదునైన పళ్ళుంటే ఆ తాడునే కొరికి గాలంతో సహా వెళ్ళిపోతుంది. గాలపు వేట యావత్తూ ఈ రెండు చిక్కుల మధ్య నడుస్తుంది.

పల్నాడు అనగానే కారెంపూడి రణక్షేత్రము, నాగులేరు, బ్రహ్మనాయుడు, నాగమ్మ మనసుకు వస్తారు. మిరప చేలు, పత్తి చేలు కంటికి కనబడతాయి. పల్నాటికి ఉత్తరపు సరిహద్దు పొడుగునా కృష్ణానది ఉన్నదనీ, ఆ నదిమీద పుట్టిలో కూర్చుండి చేపలు పట్టే జనం ఉన్నారనీ చాలమందికి వెంటనే స్ఫురించదు. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రని పెద్ద బుట్ట. పూర్వం దీనికి తోలు తొడిగేవారు. ఈనాడు ప్లాస్టిక్ గుడ్డను పరచి తారు పూస్తున్నారు. నాగార్జునసాగర జలాశయంలో పట్టే చేపలలో అధిక భాగం వలలకు చిక్కినవే. అయినా పుట్టి అంచున కూర్చుండి, బద్దె ఏదీ లేకుండా చేతితోనే గాలపు తాడును వదలి వేచి ఉండడం కూడ ఒక వేటయే.

చేతిగాలానికి కావలసిన సామగ్రి బహు స్వల్పం. చేతికి అందే పొడవాటి పెద్ద తాడు. దానిని నీటి అడుగుకు దింపడానికి ఒక సీసపు గుండు. చివర గాలము, ఎర. పెద్ద తాడుకూ గాలానికీ మధ్య మూరెడో బారెడో వేరొక తాడును ముడివేస్తారు. దీనిని ఇంగ్లీషులో 'లీడరు' అంటారు. తెలుగులో కొసతాడు అనుకోవచ్చును. చూపుకు ఇది అల్పమైన వస్తువే. కాని చేపకు దగ్గరగా ఉండేదీ, చేప పళ్ళకు అందేదీ, రాతికి ఒరసుకొనేదీ ఇదే. దీనిని దేనితో చేయాలి అన్న ప్రశ్నకు మనుష్యులు రెండువేల సంవత్సరాలకు పైగా జవాబులు వెదకుతూనే ఉన్నారు.

ప్రాచీనుల రెండు జవాబులు

గ్రీకు మహాకవి హోమరు తన 'ఇలియడ్' కావ్యంలో ఒక దేవత సముద్రంలోకి దూకడాన్ని గాలపు తాడుకు కట్టిన సీసపు గుండు మునగడంతో పోల్చాడు. ఆ గుండుతోబాటు ఎద్దు కొమ్మును కూడ పేర్కొన్నాడు. గాలపు తాడుకు కొమ్ముతో పని ఏమిటని తరువాతి పండితులు తర్జనభర్జన పడ్డారు. కొందరు కొమ్ము అంటే వెండ్రుక అని అర్థం చెప్పారు. ఆ అర్థం సరికాదన్నాడు క్రీస్తుశకం మొదటి, రెండవ శతాబ్దాలలో జీవించిన ప్లూటార్కు. ఈ సందర్భంలో ఆయన అరిస్టాటిల్ చెప్పిన వివరణను ఉదహరించాడు. గాలానికి ముందు తాడుకు చిన్న కొమ్ము గొట్టం తొడిగేవారనీ, లేకపోతే చేప తాడును కొరికివేస్తుందనీ ఆ వివరణ సారాంశం. అంటే ఈనాడు పదునైన పళ్ళుగల చేపలకోసం ఉక్కు తీగను వాడే జాలరి ఏ ఉద్దేశంతో వాడుతున్నాడో, ఆనాటి జాలరి అదే ఉద్దేశంతో కొమ్మును తొడిగాడు.

అదే గ్రంథంలో ప్లూటార్కు రెండవ చిక్కుకు కూడ పరిష్కారం చెప్పాడు. ఆనాడు గాలపు తాళ్ళను గుర్రపు తోక వెండ్రుకలతో పేనేవారు. ఆడ గుర్రపు తోక మూత్రంతో తడిసి బలహీనపడుతుందని మగ గుర్రపు వెండ్రుకలనే ఏరుకొనేవారట. తాడులో ముడులు, గరుకుదనం లేకుండా చూచుకొనేవారు. అన్నిటికంటె ముఖ్యంగా, గాలానికి దగ్గరగా వచ్చే వెండ్రుకలు వీలైనంత తెల్లనివిగా ఉండాలని కోరేవారు. తెల్లని వెండ్రుక నీటి రంగులో కలిసిపోయి చేప కంటికి ఆనదని వారి అనుభవం.

ఒకటి కొమ్ము, రెండవది తెల్ల వెండ్రుక. మొదటిది చేప పళ్ళకు జవాబు. రెండవది చేప కళ్ళకు జవాబు. కాని ఈ రెండు జవాబులకూ పొత్తు కుదరదు. కొరికినా తెగని వస్తువు లావుగా, కంటికి కనబడేదిగా ఉంటుంది. కంటికి కనబడని వస్తువు సన్నగా, సులభంగా తెగేదిగా ఉంటుంది. కొసతాటి చరిత్ర అంతా ఈ రెండింటినీ ఒకే తీగలో ఇమడ్చడానికి జరిగిన ప్రయత్నమే.

వెండ్రుక నుండి పట్టుతీగకు

ఇంగ్లండులో 1653లో వెలువడిన ఐజాక్ వాల్టన్ గ్రంథం నాటికి కూడ గుర్రపు వెండ్రుకయే ప్రధానమైన తాడు. పైభాగాన ఎక్కువ వెండ్రుకలు కలిపి పేని, గాలం దగ్గరకు వచ్చేకొద్దీ వాటి సంఖ్యను తగ్గించేవారు. తాడు క్రమంగా సన్నబడుతూ పోయేది. కాని వెండ్రుక పొడవుకు హద్దున్నది. ఎక్కడ వెండ్రుక ముగుస్తుందో అక్కడ ముడి తప్పదు; ముడి ఉన్నచోట బలం తగ్గక తప్పదు.

1667లో శామ్యూల్ పీప్స్ అనే ఆంగ్లేయుడు తన దినచర్య పుస్తకంలో ఒక కొత్త సంగతి వ్రాసుకొన్నాడు. సంగీత వాద్యాలకు కట్టే సన్నని నరపు తంత్రికి వార్నిషు పూసి ఒక మిత్రుడు చేపలు పడుతున్నాడట. వార్నిషు వలన అది నీటిలో ఉబ్బదనీ, సన్నదనంలోను బలంలోను వెండ్రుకను మించిపోతుందనీ ఆయన ముచ్చటపడ్డాడు. వాద్యకారుని తంత్రి జాలరి చేతికి రావడం ఒక వింత. దానికి మించిన వింత తరువాతి శతాబ్దంలో ఐరోపా అంతటా వ్యాపించింది. అదే పట్టుపురుగు నుండి తీసిన తీగ.

పట్టుపురుగు దేహంలో రెండు పట్టు గ్రంథులుంటాయి. వాటిలోని చిక్కని ద్రవమే పురుగు నోటి నుండి వెలువడి సన్నని దారమై గూడు కట్టుకొంటుంది. గూడు కట్టడానికి పురుగు సిద్ధమైన సమయంలో దానిని పులిసిన ద్రాక్షరసపు ఆమ్లంలో, అంటే వెనిగరులో, కొన్ని గంటలు నానవేసేవారు. తరువాత దేహాన్ని చీల్చి గ్రంథిని బయటకు తీసి, రెండు కొసలు పట్టుకొని ఒక్కసారిగా సాగదీసేవారు. గాలి తగిలి అది గట్టిపడి, ఒకే పోగుగా, నిగనిగలాడే తీగ అయ్యేది. దాని పొడవు మూరకు అటు ఇటు. స్పెయిన్ దేశంలోని ముర్సియా ప్రాంతం ఈ పరిశ్రమకు ప్రసిద్ధి చెందింది. మూరెడుకు మించిన తీగ దొరకదు గనుక తాడంతా దీనితో చేయడం కష్టం. ముక్కలు ముడివేసి కొసతాడుగా మాత్రం వాడేవారు.

జపానులోనూ ఇటువంటి కథయే నడిచింది. అక్కడ ఈనాటికీ గాలపు తీగను 'తెగుసు' అంటారు. చైనా నుండి వచ్చిన అడవి పట్టుపురుగు తీగకు పెట్టిన పేరు అది. చైనా నుండి దిగుమతి అయిన మందుల మూటలను ఈ తీగతో కట్టేవారనీ, అది చూచిన జాలరులు దానిని గాలానికి వాడసాగారనీ అక్కడ చెప్పుకొంటారు.

పట్టుతీగకు ఒక షరతు ఉన్నది. ఎండినప్పుడు అది పెళుసు. ముడివేస్తే విరుగుతుంది. అందుచేత వేటకు ముందు దానిని నీటిలో చాలసేపు నానబెట్టి, మెత్తబడిన తరువాతనే ముడి వేయాలి.

నూలు, జనుము, తుమ్మచెక్క

తెలుగునేలమీద సామాన్య జాలరికి పట్టుతీగ అందని వస్తువు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మంగళూరులో 'ది రాడ్ ఇన్ ఇండియా' అన్న గ్రంథాన్నీ, 1887లో మద్రాసులో చెరువులలో గాలపు వేటను గురించి మరొక గ్రంథాన్నీ ప్రచురించాడు. అవి సరదాకు వేటాడే దొరల కోసం వ్రాసినవి. పొట్టకూటికి వేటాడేవాని తాడు పత్తి నూలుతోనో జనుము నారతోనో పేనిన తాడు. ఈ రెండు పైరులూ తెలుగు రైతు చేలలో పండినవే.

ఈ తాళ్ళ గుణదోషాలు తెలిసికోదగినవి. పత్తి నూలు తడిసినప్పుడు బలహీనపడదు సరికదా, కొంత బలం పుంజుకొంటుంది. ఈ గుణం పట్టులోను, తరువాత వచ్చిన నైలాన్‌లోను లేదు. కాని నూలూ నారా సెల్యులోజు పదార్థాలు. నీటిలోని సూక్ష్మజీవులు సెల్యులోజును ఆహారంగా చేసికొంటాయి. తడిసిన తాడును ఆరవేయకపోతే కొద్ది కాలంలోనే కుళ్ళి, లాగితే తెగిపోతుంది. దీనికి విరుగుడుగా తుమ్మచెక్క వంటి వగరు బెరడులను ఉడికించిన కషాయంలో వలలను, తాళ్ళను ముంచేవారు. బెరడులోని టానిన్ అనే పదార్థం కుళ్ళును ఆలస్యం చేస్తుంది. తోలు పదును చేసేవారికీ జాలరులకూ ఒకే చెట్టు బెరడు ఉపయోగపడడంలోని రహస్యం ఇదే. ఈ కషాయం వలన తాడుకు గోధుమరంగు కూడ వచ్చేది.

పేనిన తాడు లావు. వెలుగు దాని గుండా పోదు. తేటనీటిలో అది చేపకు స్పష్టంగా కనబడుతుంది. కాని వానాకాలంలో కృష్ణ తేటగా ఉండేది కాదు. ఎగువ నేలల మన్ను కలిసి ఎర్రగా, చిక్కగా పారే వరదనీటిలో జానెడు దూరంలోని వస్తువు కూడ కనబడడం కష్టం. అటువంటి నీటిలో చేప కంటిని నమ్ముకోదు. వాసనను, మీసాల స్పర్శను, ప్రక్కగీత ద్వారా తెలిసే నీటి కదలికను నమ్ముకొంటుంది. గోధుమరంగు నూలుతాడు ఆ ఎర్రనీటికి సరిపోయింది. పల్నాటి ఒడ్డున వరద రోజులలో 'కనబడని తాడు' అనే సమస్యయే అంతగా లేదు. తెగని తాడు ఉంటే చాలును.

లాగితే బలపడిన దారము

కృష్ణ ఒడ్డుకు బహుదూరంలో, అమెరికాలోని డ్యూపాంట్ పరిశోధనశాలలో, 1930లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. వాలెస్ కరోథర్స్ నాయకత్వంలో పనిచేస్తున్న జూలియన్ హిల్ అనే రసాయనజ్ఞుడు, పొడవైన అణువులు గల ఒక ముద్దను కరిగించి, గాజుకడ్డీతో ముట్టి పైకి లాగాడు. సాలెగూడు వంటి దారం వచ్చింది. చల్లబడిన తరువాత దానిని మరల లాగితే కొన్ని రెట్లు సాగి, సాగినకొద్దీ గట్టిపడింది. చిందరవందరగా పడి ఉన్న పొడవాటి అణువులు లాగినప్పుడు ఒకే దిశలో బారులు తీరడమే దీనికి కారణం.

పట్టుపురుగు గ్రంథిని రెండు చేతులతో సాగదీసిన ముర్సియా కూలివాడు కూడ ఇదే పని చేస్తూ వచ్చాడు. అతనికి అణువుల సంగతి తెలియదు. లాగితే తీగ బలపడుతుందని మాత్రం చేతికి తెలుసును.

1935 ఫిబ్రవరి 28వ తేదీన కరోథర్స్ బృందం తరువాత నైలాన్ అని పేరుపొందిన పదార్థాన్ని తయారుచేసింది. ఆరేసి కార్బన్ పరమాణువులు గల రెండు పదార్థాలను కలిపి గొలుసుగా కూర్చడం వలన దీనికి నైలాన్ 66 అని పేరు వచ్చింది. ఆ గొలుసులోని లింకు పట్టులోని ప్రోటీను లింకు వంటిదే. కార్బన్, ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ పరమాణువులు ఒకే వరుసలో అమరిన ఎమైడు బంధం రెండింటిలోను ఉన్నది. పట్టుతీగ స్థానాన్ని నైలాన్ ఆక్రమించడం ఈ విధంగా కేవలం కాకతాళీయం కాదు. కరోథర్స్ తన సృష్టి లోకానికి అందడం చూడకుండానే 1937లో మరణించాడు. 1938లో నైలాన్ మొదట పళ్ళ కుంచెల పోచలుగా బజారుకు వచ్చింది. అదే సంవత్సరంలో జర్మనీలో పాల్ ష్లాక్ అనే శాస్త్రజ్ఞుడు నైలాన్ 6 అనే మరొక రకాన్ని కనుగొన్నాడు.

పళ్ళ కుంచె పోచ వంటి ఒంటిపోగు తీగ గాలానికి తగినదని గ్రహించడానికి ఎంతోకాలం పట్టలేదు. పట్టుతీగకు మూరెడు హద్దు. నైలాన్ తీగకు హద్దు లేదు. వెలుగు దాని గుండా పోతుంది. అది కుళ్ళదు, ఆరవేయనక్కరలేదు, బెరడు కషాయం అవసరం లేదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కొద్ది కాలానికే ముర్సియా పరిశ్రమ వెనుకబడిపోయింది. మన దేశంలో 1957లో కొచ్చిన్‌లో స్థాపించిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కృత్రిమ దారాలను చేపల వేటలో పరీక్షించి ప్రచారం చేసింది. తరువాతి దశాబ్దాలలో నూలు వలలు, నూలు తాళ్ళు క్రమంగా తెరమరుగైనాయి.

కృష్ణ తేరుకొన్నది

తాడు మారుతున్న ఆ రోజులలోనే పల్నాటి ఒడ్డున నీరు కూడ మారింది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. మాచర్లకు చేరువలో, ఒకనాడు ఇక్ష్వాకుల రాజధాని అయిన లోయ నీట మునిగి, పూర్తిగా నిండినప్పుడు సుమారు 285 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల జలాశయం ఏర్పడింది.

పారే నీరు మన్నును మోస్తుంది. నిలిచిన నీరు దానిని దింపివేస్తుంది. జలాశయంలో ప్రవేశించగానే వరదనీటి వేగం తగ్గిపోయి మన్ను అడుగుకు చేరుతుంది. ఎంత మన్ను దిగిందో చెప్పడానికి జలాశయపు లెక్కలే సాక్ష్యం. ప్రారంభంలో సుమారు 408 టి.ఎం.సి.ల నీరు పట్టగలదని లెక్కవేసిన సాగరం, తరువాతి సర్వేల ప్రకారం సుమారు 312 టి.ఎం.సి.లు మాత్రమే పట్టగలదు. 1980 తరువాత ఎగువన శ్రీశైలం జలాశయం కూడ మన్నును ఆపసాగింది. దిగువన సత్రశాల వద్ద, ఇంకా దిగువన పులిచింతల వద్ద కూడ ఆనకట్టలు వచ్చాయి. పల్నాటి సరిహద్దు పొడుగునా కృష్ణ ఈనాడు పారే నదికంటె మెట్లు మెట్లుగా నిలిచిన చెరువులనే ఎక్కువగా పోలి ఉంటుంది.

సేద్యపు ఇంజనీరుకు ఈ మన్ను నష్టం. జాలరికి ఇది వేరొక మార్పు. నీరు తేరుకోగానే వెలుగు లోతుకు దిగింది. చేప కంటికి పని పెరిగింది. ఎర్రనీటిలో ఎవరికీ పట్టని తాడు లావు, తేటనీటిలో లెక్కకు వచ్చింది. ఎక్కడో గ్రీకు సముద్రంలో తెల్ల వెండ్రుక ఏరుకొన్నవాని సమస్య పల్నాటి పుట్టిలోని మనిషికి కూడ వచ్చి పడింది.

కనబడకపోవడం అంటే ఏమిటి?

గాజులాంటి తీగ నీటిలో ఎందుకు కనబడుతుంది? వెలుగు ఒక పదార్థం నుండి మరొక పదార్థంలోకి పోయేటప్పుడు దాని వేగం మారుతుంది. ఈ మార్పును వక్రీభవన గుణకంతో కొలుస్తారు. రెండు పదార్థాల గుణకాలకు భేదం ఎంత ఎక్కువగా ఉంటే సరిహద్దు వద్ద అంత ఎక్కువ వెలుగు పరావర్తనం చెందుతుంది. నీటి గుణకం సుమారు 1.33. నైలాన్ గుణకం సుమారు 1.53. నీటిలోని నైలాన్ తీగమీద నిటారుగా పడిన వెలుగులో వేయింటికి అయిదు పాళ్ళు ప్రతి ఉపరితలం వద్దా వెనుకకు తిరుగుతాయి.

జపానులోని కురేహా సంస్థ 1971లో ఫ్లోరిన్‌తో కూడిన పాలీవినైలిడీన్ ఫ్లోరైడు అనే పదార్థంతో కొసతాడును తయారుచేసి అమ్మకానికి పెట్టింది. బజారులో దీనిని ఫ్లోరోకార్బన్ అంటారు. దీని గుణకం సుమారు 1.42. నీటి గుణకానికి ఇది మరింత దగ్గర. అందువలన నీటిలో వేయింటికి ఒక పాలు వెలుగు మాత్రమే తిరిగివస్తుంది. అంటే నైలాన్‌తో పోల్చితే సుమారు అయిదవ వంతు.

ఇక్కడ ఒక విశేషమున్నది. ఇదే లెక్కను గాలిలో వేస్తే నైలాన్‌కు వేయింటికి నలభైనాలుగు, ఫ్లోరోకార్బన్‌కు ముప్ఫై పాళ్ళు వస్తాయి. గాలిలో ఇంచుమించు ఒకేలా మెరిసే రెండు తీగలు నీటిలో అయిదు రెట్ల తేడా చూపుతాయి. కనుక అంగడిలో వెలుతురుకు ఎత్తి చూచి కొసతాడును ఎంచుకోవడంలో అర్థం లేదు. చూడవలసింది నీటిలో.

ఈ సూత్రాన్ని పాఠశాలలో సులభంగా చూపవచ్చును. బోరోసిలికేట్ గాజు పరీక్షనాళికను ఒక గాజు పాత్రలోని నీటిలో ముంచితే కనబడుతుంది. అదే నాళికను వంటనూనెలో ముంచి, లోపల కూడ నూనె నింపితే దాదాపు మాయమవుతుంది. ఆ గాజుకూ నూనెకూ వక్రీభవన గుణకం సుమారు 1.47గా ఉండడమే కారణం. ఆ నూనెలో చేప ఉన్నట్లయితే దానికి గాజు గాలం కనబడదు!

కాని నీటితో సమానమైన గుణకం ఫ్లోరోకార్బన్‌కు కూడ లేదు. అది తక్కువగా కనబడే తీగయే గాని కనబడని తీగ కాదు. పైగా నైలాన్‌కంటె ఖరీదు ఎక్కువ. నీటికి దాదాపు రెట్టింపునకు చేరువైన సాంద్రత, అంటే 1.78, ఉండడం వలన త్వరగా మునుగుతుంది. నైలాన్ సాంద్రత 1.14 మాత్రమే. ఫ్లోరోకార్బన్ నీటిని దాదాపు పీల్చదు. నైలాన్ కొంత పీల్చి బలం కొంత కోల్పోతుంది.

ఎంపికకు ఆధారాలు

కొసతాడు ఎంపికలో మొదటి సాక్షి నీరు. వరద రోజులలో, రాత్రివేళలలో, బురదనీటిలో చేప కంటికి భయపడనక్కరలేదు. మీసాలతో ఎరను వెదకుకొనే జెల్ల వంటి చేపలకు సన్నని ఖరీదైన తీగ వ్యర్థం. ఎండాకాలంలో నిలిచి తేరిన నీటిలో పగటివేట చేసేవారికే సన్నదనం అవసరం.

రెండవ సాక్షి చేప నోరు. విత్తనం వేసి పెంచే బొచ్చె, రాగండి చేపల దవడలకు పళ్ళు లేవు. వాటి పళ్ళు గొంతులో ఉంటాయి. గాలం పెదవికి తగిలితే కొసతాటికి కోత భయం లేదు, సన్ననిది చాలును. వాలుగ అట్లు కాదు. దాని పెద్ద నోటిలో చిన్న చిన్న వాడి పళ్ళు వరుసలు తీరి ఉంటాయి. అవి తాడును ఒక్కసారిగా కోయకపోయినా ఆకురాయివలె అరగదీస్తాయి. దానికి లావుపాటి నైలాన్ గాని, సన్నని ఉక్కు పోగుల తీగ గాని కావాలి. సముద్రంలో వంజరం పళ్ళు కత్తెరవంటివి. అక్కడ ఉక్కు తీగ అవసరం మరీ ఎక్కువ.

మూడవ సాక్షి జాలరి అరచెయ్యి. గాలపు బద్దె ఉన్నచోట బద్దె వంగి చేప కుదుపును ఓర్చుకొంటుంది. చేతిగాలానికి ఆ సదుపాయం లేదు. తాడు సాగుదల, చేతి వదులు, ఈ రెండే కుదుపును ఆపాలి. పొరపాటున వ్రేలికి చుట్టుకొన్న సన్నని తీగను పెద్ద చేప లాగితే చర్మం కోసుకుపోతుంది. అందుకే చేతిలో ఉండే తాడు లావుగాను, చేప దగ్గరి తాడు సన్నగాను ఉండాలి. తాడును రెండు భాగాలుగా చేయడానికి అసలు కారణాలలో ఇది ఒకటి. చెయ్యి కోరేది ఒకటి, చేప కంటికి తగినది మరొకటి.

తీగ బలం దాని మధ్యచ్ఛేద వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. కంటికి కనబడే వెడల్పు రెట్టింపు మాత్రమే అవుతుంది. 0.3 మిల్లీమీటరు వ్యాసం గల మంచి నైలాన్ తీగ సుమారు అయిదు కిలోల బరువు ఓర్చగలిగితే, 0.6 మిల్లీమీటరు తీగ సుమారు ఇరవై కిలోలు ఓర్చగలదు. అయిదు కిలోల తీగతో అంతకంటె పెద్ద చేపను కూడ పట్టవచ్చును. నీటిలో చేప బరువు దాదాపు శూన్యం. తీగమీద పడేది దాని ఈత బలమే. పుట్టిలోకి ఎత్తేటప్పుడు మాత్రం బరువంతా తీగమీద పడుతుంది గనుక క్రింద చిన్న చేతివల పట్టడం మంచిది.

ముడి సంగతి మరువరాదు. ఏ తీగలోనైనా ముడి దగ్గర బలం తగ్గుతుంది. నైలాన్ ముడిని పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తీగ దెబ్బతింటుంది. తడిపి మెల్లగా బిగించాలి. పట్టుతీగను నానవేసి ముడివేసిన పాత జాలరి అలవాటు వేరొక కారణంతో ఈనాటికీ నిలిచి ఉన్నది.

తెగవలసిన చోటు

ప్రాచీనులకు లేని ఒక ప్రశ్న నైలాన్ వచ్చిన తరువాత పుట్టింది. గుర్రపు వెండ్రుక, పట్టుతీగ, నూలుతాడు నీటిలో తెగి పడిపోతే కాలక్రమాన కుళ్ళి మట్టిలో కలిసిపోయేవి. సూక్ష్మజీవులు తినలేకపోవడమే నైలాన్ గొప్పతనం; అదే దాని దోషం. తెగిపోయిన తీగ సంవత్సరాల తరబడి నీటిలో, రాళ్ళకు, మునిగిన చెట్ల మోళ్ళకు చుట్టుకొని ఉంటుంది. నీటికాకులు, కొంగలు, తాబేళ్ళు దానిలో కాళ్ళు చిక్కుకొని చనిపోవచ్చును. ఫ్లోరోకార్బన్ కూడ ఈ విషయంలో నైలాన్‌కంటె మేలైనది కాదు.

పల్నాటి రాతినేలమీద నిలిచిన నీటిలో గాలం రాతిసందున చిక్కుకోవడం తరచు జరిగే పని. అప్పుడు బలంగా లాగక తప్పదు. కొసతాడు పెద్ద తాడుకంటె బలమైనదైతే తాడు ఎక్కడైనా తెగవచ్చును. పుట్టి దగ్గరనే తెగితే ఇరవై, ముప్ఫై మీటర్ల తీగ అడుగున మిగిలిపోతుంది. కొసతాడు పెద్ద తాడుకంటె కొంచెం బలహీనమైనదైతే, తెగేది అక్కడనే. నీటిలో మిగిలేది ఒక గాలమూ, మూరెడు తీగ మాత్రమే. జాలరికి పెద్ద తాడు, సీసపు గుండు దక్కుతాయి. జలాశయానికి పెద్ద ఉరి తప్పుతుంది. వాలుగ కోసం ఉక్కు తీగ కట్టినప్పుడు కూడ దానికి పైన కొంచెం బలహీనమైన నైలాన్ ముక్కను ముడివేయడం ఇందుకే. పాతబడిన తీగను నీటిలో పారవేయకుండా ఇంటికి తెచ్చుకోవడం కూడ ఈ లెక్కలోనిదే.

ఎద్దు కొమ్ము తొడిగిన జాలరి తాడు తెగకూడదని కోరాడు. తెల్ల వెండ్రుక ఏరిన జాలరి అది కనబడకూడదని కోరాడు. కుళ్ళని తీగ చేతికి వచ్చిన ఈనాటి జాలరి మూడవ కోరిక కూడ కోరవలసి ఉన్నది: తెగితే తాను నిర్ణయించిన చోటనే తెగాలి. ఆ చోటును నిర్ణయించేది గాలం దగ్గరి మూరెడు తాడే.